జర్మనీ జంతుశాలలు: రైలు మార్గమున ఒక విమర్శ

పరదేశమునకు పోయి జంతు ప్రదర్శనశాలలను చూడదలచినవారు సాధారణముగా రెండు ప్రశ్నలు వేసికొందురు. ఎన్ని జంతుశాలలు చూడవచ్చును? ఎన్ని జాతుల జంతువులు కనబడును? ఈ రెండును లెక్కకు సంబంధించినవే. మూడవ ప్రశ్న ఒకటి కలదు. ఆ జంతుశాల తాను చూపు జంతువును గూర్చి మనకు చెప్పుచున్నది నిజమా? ఒక పుస్తకమును విమర్శించునపుడు అందలి విషయము సత్యమా, చెప్పిన తీరు సరిగా నున్నదా అని పరిశీలింతుము. జంతుశాలకు కూడ ఇట్టి పరీక్ష అవసరమే. కటకటాలు, కందకములు, గాజుగోడలు, పేరుపలకలు అన్నియు చూపరికి ఏదో ఒక సంగతి చెప్పుచునే యుండును. ఆ సంగతి తప్పైనచో వేలకొలది బాలబాలికలు ఆ తప్పునే నేర్చుకొని ఇంటికి పోవుదురు.

ఇట్టి పరీక్షకు జర్మనీ మిక్కిలి అనువైన దేశము. ఆధునిక జంతుశాల రూపమున వచ్చిన పెద్ద మార్పులు పెక్కు అచ్చటనే ఆరంభమైనవి. పెద్ద నగరములలో చాలవరకు జంతుశాల కలదు. నగరమునుండి నగరమునకు రైలు, రైలు స్టేషనునుండి జంతుశాల ద్వారమువరకు ట్రామో, భూగర్భ రైలో, బస్సో ఉన్నవి. మోటారుకారు అక్కరలేదు. హాంబర్గు, బెర్లిను, లైప్‌జిగ్, న్యూరెంబర్గు, మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ అను ఆరు నగరములను ఇదే వరుసలో తీసికొని, యాత్రను ఎట్లు ఏర్పాటు చేసికొనవలెనో, ప్రతి చోట దేనిని మెచ్చుకొనవలెనో, దేనిని ప్రశ్నింపవలెనో చూతము.

టిక్కెట్టు, కాలము, వరుస

జర్మనీలో 2023 మే 1వ తేదీనుండి డాయిచ్‌లాండ్ టిక్కెట్టు అను నెలసరి టిక్కెట్టు అమలులోనికి వచ్చినది. మొదట దాని వెల 49 యూరోలు; 2025 జనవరి నుండి 58, 2026 జనవరి నుండి 63 యూరోలు. దీనితో దేశమంతటను నగర బస్సులు, ట్రాములు, భూగర్భ రైళ్ళు, ప్రాంతీయ రైళ్ళు ఎక్కవచ్చును. ఐ.సి.ఇ. వంటి దూరప్రయాణపు ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో ఇది చెల్లదు. గమనింపవలసిన సంగతులు రెండు. ఈ టిక్కెట్టు క్యాలెండరు నెలకు చెందినది. ఒక నెల 25వ తేదీన బయలుదేరి మరునెల 5వ తేదీవరకు తిరిగినచో రెండు నెలల వెల ఈయవలసివచ్చును. రెండవది, ఇది చందా పద్ధతి. ఆ నెల 10వ తేదీలోపల రద్దు చేయనిచో మరునెల సొమ్ము కూడ తీసికొందురు. కావున యాత్రను నెల మొదటి పక్షములో పెట్టుకొని, టిక్కెట్టు చేతికి రాగానే రద్దు సంగతి చూచుకొనుట మేలు.

అన్ని దూరములకు ప్రాంతీయ రైళ్ళనే నమ్ముకొనుట పొదుపుగా కనబడును గాని, వృథాయగు కాలమునకు కూడ వెల కట్టవలెను. బెర్లిను నుండి లైప్‌జిగ్‌కు ఎక్స్‌ప్రెస్‌లో సుమారు గంటంబావు; ప్రాంతీయ రైళ్ళలో మధ్య మారవలసియుండుటచే అందుకు రెట్టింపు పట్టును. ఐనను అరపూట ప్రయాణమే గనుక సహింపవచ్చును. న్యూరెంబర్గు, మ్యూనిక్ నగరముల నడుమ వేగమార్గము మీదనే నడచు ప్రాంతీయ రైలు కలదు. అచ్చట వేరే టిక్కెట్టు కొనుట దండుగ. హాంబర్గు-బెర్లిను, లైప్‌జిగ్-న్యూరెంబర్గు, మ్యూనిక్-ఫ్రాంక్‌ఫర్ట్ దూరములకు మాత్రము ఎక్స్‌ప్రెస్ టిక్కెట్టు ముందుగా కొనుట మంచిది. ముందు కొన్నవారికి వెల తగ్గును.

చారిత్రక క్రమమును బట్టి చూచినచో 1844లో తెరచిన బెర్లిను జంతుశాలను మొదట, 1907 నాటి హాంబర్గును తరువాత చూడవలెను. కాని బెర్లిను నుండి సుమారు 290 కిలోమీటర్లు హాంబర్గుకు పోయి, లైప్‌జిగ్ చేరుటకు మరల బెర్లిను మీదుగానే రావలసియుండును. అందుచే హాంబర్గు మొదట. తిరుగు విమానమునకు పెద్ద విమానాశ్రయము గల ఫ్రాంక్‌ఫర్ట్ చివర. మే నుండి సెప్టెంబరు వరకు అనుకూలమైన కాలము. శీతకాలమున ద్వారములు పెందలకడ మూయుదురు, ఉష్ణదేశపు జంతువులు పెక్కు లోపలి గదులలోనే యుండును.

రోజుకు రెండు జంతుశాలల చొప్పున చుట్టి వచ్చి, చూచిన వాటి సంఖ్యను చెప్పుకొనువారు కలరు. ఇది పరీక్షకు ముందు పేజీలు లెక్కించు విద్యార్థి చదువువంటిది. క్రూరమృగములు పగటిలో పెక్కు గంటలు నిద్రించును. ఉదయ సాయంకాలములందే అనేక జంతువులలో చలనము కనబడును. తలుపులు తెరచు వేళకు పోయి, నాలుగైదు ఆవరణలవద్ద ఒక్కొక్క అరగంట నిలిచిన వానికి కలుగు జ్ఞానము, నూరు ఆవరణల ముందు నడచిపోయిన వానికి కలుగదు. ఒక నగరమునకు ఒక దినము, బెర్లినుకు రెండు దినములు, ప్రయాణములతో కలిపి పది దినములు చాలును. సామాను పెద్ద స్టేషనులలోని లాకర్లలో ఉంచవచ్చును.

హాంబర్గు: కనబడని కందకము

హాంబర్గులో యు-2 భూగర్భ రైలు ఎక్కి హాగెన్‌బెక్స్ టీర్‌పార్క్ అను స్టేషనులో దిగవలెను. కార్ల్ హాగెన్‌బెక్ జంతువుల వర్తకుడు. ఆయన 1896లో ఒక ప్రదర్శన పద్ధతికి పేటెంటు పొంది, 1907లో స్టెల్లింగెన్ అను చోట ఈ జంతుశాలను తెరచెను. ముందు కొలను, అందు నీటిపక్షులు. వెనుక గడ్డిమేయు జంతువులు. వాని వెనుక సింహములు. అన్నిటికి వెనుక కృత్రిమమైన కొండ, దానిపై కొండజంతువులు. ఎచ్చటను ఇనుప కటకటాలు లేవు. ఏ మృగము ఎంత దూరము, ఎంత ఎత్తు దూకగలదో పరీక్షించి, అంతకు మించిన వెడల్పుతో కందకములు త్రవ్వించి, వానిని చూపరి కంటికి కనబడకుండ చేసెను.

కందకము కంటికి ఎట్లు మరుగగును? ఉన్నత పాఠశాల రేఖాగణితము చాలును. చూపరి కన్ను నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్నదనుకొందము. అతనికి 3 మీటర్ల దూరమున ఒక మీటరు ఎత్తు పొద కలదు. కంటినుండి పొద కొనమీదుగా గీచిన రేఖ 3 మీటర్లకు అర మీటరు చొప్పున దిగుచు, పొద దాటిన 6 మీటర్లకు గాని నేలను తాకదు. ఆ 6 మీటర్లలో ఎంత లోతు కందకమున్నను చూపరికి కనబడదు. పొద వెంటనే అవతలి గట్టు మీది సింహము కనబడును. కన్ను 3 మీటర్ల ఎత్తునకు లేచినచో అదే రేఖ పొదకు ఒకటిన్నర మీటరు అవతలనే నేలను తాకును, కందకము బయటపడును. సజాతీయ త్రిభుజములకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకుట కష్టము.

కటకటాలు పోవుట జంతువుకు లాభమే. దానికి వెలుతురు, గాలి, తిరుగుటకు చోటు లభించినవి. ఐనను ఈ దృశ్యము చెప్పు సంగతి పూర్తిగా సత్యము కాదు. జంతువు బంధింపబడియే యున్నది. బంధనము మాత్రము మన కంటినుండి మాయమైనది. సింహమును చూచి ఇది స్వేచ్ఛగా నున్నదని తలచు బాలునికి, ఆ పొద వెనుక ఏమున్నదో చూపించుట ఉపాధ్యాయుని ధర్మము.

ఇంకొక సంగతిని ఇచ్చట దాటిపోరాదు. 1870ల దశాబ్దమునుండి హాగెన్‌బెక్ జంతువులతోపాటు దూరదేశముల మనుష్యులను కూడ ప్రదర్శనకు తెచ్చెను. 1880లో లాబ్రడార్ నుండి తేబడిన ఎనిమిదిమంది ఇన్యూట్ ప్రజలు యూరపులో ప్రదర్శింపబడుచు కొద్ది నెలలలోనే మశూచికముచే అందరును మరణించిరి. జెన్నరు 1796లోనే టీకా పద్ధతిని నిరూపించెను. అప్పటికి ఎనుబది ఏండ్లు దాటినను, వచ్చిన వెంటనే వారికి టీకాలు వేయించలేదు. వారిలో అబ్రహాము అనునతడు వ్రాసికొన్న దినచర్య వలన వారి అవస్థ మనకు తెలియుచున్నది. కటకటాలు తీసివేసిన మనిషియే ఇట్టి ప్రదర్శనల నడిపెనను సంగతి, నేర్పుగల ప్రదర్శనము న్యాయమైన ప్రదర్శనము కానక్కరలేదని తెలుపుచున్నది.

బెర్లిను: గుడిలోని ఏనుగు

బెర్లినులో రెండు జంతుశాలలు కలవు. పాతది 1844 ఆగస్టు 1వ తేదీన తెరచినది. జర్మనీలో ఇదియే మొదటిది. జంతుశాస్త్రజ్ఞుడు లిచ్‌టెన్‌స్టైన్ దాని మొదటి డైరెక్టరు. రైలు స్టేషనుకే జూలాజిషర్ గార్టెన్ అని పేరు. దిగిన వెంటనే ద్వారము చేరవచ్చును. పందొమ్మిదవ శతాబ్దిలో ఇచ్చట జంతువుల ఇండ్లను ఆయా దేశముల కట్టడముల రీతిలో నిర్మించిరి. 1870లలో కట్టిన ఏనుగుల ఇల్లు భారతీయ దేవాలయమును పోలియుండెడిది. అది 1943లో బాంబులకు కూలినది. అరబ్బు శైలిలో కట్టిన జింకల ఇల్లు నేటికిని చూడవచ్చును. కంటికి ఇంపైన పనులే ఇవి. కాని ఏనుగు గుడిలో నివసించు జంతువు కాదు. అది ఏ అడవిలో, ఏ ఆకు తిని, ఎంత దూరము నడచి బ్రదుకునో ఆ కట్టడము చెప్పలేదు. అది చెప్పినదెల్ల ఏనుగు తూర్పుదేశపు వింత అను ఒక్క మాటయే.

రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి, వేలకొలది జంతువులుండిన ఈ జంతుశాలలో 91 మాత్రమే మిగిలినవి. అంతకుముందే మరియొక అన్యాయము జరిగినది. నాజీల కాలమున యూదు వాటాదారులను తమ వాటాలు తక్కువ వెలకు వదలుకొనునట్లు చేసి, పిమ్మట వారిని జంతుశాలలోనికే రానీయరైరి. ఇప్పుడు ఆ చరిత్ర జంతుశాలలోనే ప్రదర్శింపబడుచున్నది. తన తప్పును తన ఆవరణలోనే వ్రాసిపెట్టుట మెచ్చదగిన పని.

నగరము రెండు భాగములై యుండిన కాలమున తూర్పు భాగమువారు 1955లో ఫ్రీడ్రిక్స్‌ఫెల్డెలో టీర్‌పార్క్‌ను స్థాపించిరి. డైరెక్టరు హైన్‌రిష్ డాతె. యు-5 భూగర్భ రైలు టీర్‌పార్క్ స్టేషనునకు చేర్చును. దీని వైశాల్యము 160 హెక్టార్లు. అనగా పాత జంతుశాలకు నాలుగు రెట్లకు పైన. ఒంటెలు, అడవి గాడిదలు విశాలమైన మైదానములలో కనబడును. పాతదానిలో జాతుల సంఖ్య అధికము, ఇచ్చట చోటు అధికము. ఒక్కొక్క దినము చొప్పున రెండును చూచి, జంతువు ప్రవర్తన ఎచ్చట సహజముగా నున్నదో పోల్చుకొనవలెను.

లైప్‌జిగ్: గోండ్వానా అను పేరు

లైప్‌జిగ్ ప్రధాన స్టేషను ముందు 12వ నంబరు ట్రాము ఎక్కినచో కొద్ది నిమిషములలో జంతుశాల. 1878లో ఎర్నెస్ట్ పింకెర్ట్ స్థాపించిన ఈ సంస్థ ఒకప్పుడు సింహముల సంతానోత్పత్తికి ప్రసిద్ధి చెందినది. నేడు దీనికి కీర్తి తెచ్చినవి రెండు. మొదటిది 2001లో తెరచిన పొంగోలాండ్. చింపాంజీ, బొనొబో, గొరిల్లా, ఒరాంగుటాన్ నాలుగును ఇచ్చట కలవు. మాక్స్ ప్లాంక్ పరిణామ మానవశాస్త్ర సంస్థవారు ఇచ్చట ఈ వానరముల బుద్ధిని గూర్చి పరిశోధనలు చేయుచున్నారు. ప్రదర్శనము, పరిశోధన ఒకే చోట సాగుట వలన విజ్ఞానము అనగా సిద్ధమైన సమాధానము కాదనియు, ఓపికతో చేయు ప్రశ్న యనియు చూపరికి తెలియును. ఈ యాత్రలో విద్యార్థికి మిక్కిలి మేలు చేయు స్థలము ఇదియే యని చెప్పవచ్చును.

రెండవది 2011లో తెరచిన గోండ్వానాలాండ్. 16,500 చదరపు మీటర్ల నేలపై పారదర్శకమైన పొరలతో కప్పు వేసి, లోపల వెచ్చదనమును, తేమను నిలిపి, ఆఫ్రికా, ఆసియా, దక్షిణ అమెరికాల వర్షారణ్యములను పెంచినారు. ఇంజనీరింగు దృష్టితో ఇది గొప్ప నిర్మాణము; వాన దినములలో యాత్రికునకు ఆశ్రయము కూడ. కాని దాని పేరును పరిశీలింపవలెను. ఆ పేరుతో తెలుగువారికి సంబంధము కలదు.

గోండ్వానా యనగా గోండుల సీమ. భారత భూగర్భ పరిశీలనశాఖకు చెందిన మెడ్‌లికాట్ 1872లో మధ్య భారతమందలి ఒక శిలావర్గమునకు ఈ పేరు పెట్టెను. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు ఈ శిలావర్గమునకు చెందినదే. ఇట్టి శిలలు, శిలాజములు దక్షిణ ఖండములన్నిటను కనబడుటచే, ఆస్ట్రియా భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ సూయెస్ ఆ ఖండములు ఒకప్పుడు కలిసియుండెనని తలచి ఆ ప్రాచీన భూభాగమును గోండ్వానాలాండ్ అనెను. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, భారతదేశము, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అందులోనివి. సుమారు 18 కోట్ల సంవత్సరముల క్రిందట అది విడిపోవుట ఆరంభమైనది.

ఇప్పుడు లైప్‌జిగ్ భవనములోని జంతువులను చూతము. అందు మలయా టాపిరు కలదు. టాపిరులు ఉత్తర ఖండములలో పుట్టిన వంశము. ఆసియాలో భారతదేశము వంటి భాగములు గోండ్వానానుండి వచ్చినవే గాని, ఆసియా అంతయు అందులోనిది కాదు. దక్షిణ అమెరికా విభాగమున ఒసెలాట్ అను చారల, మచ్చల పిల్లి కలదు. పిల్లి జాతులు పనామా భూసంధి ఏర్పడిన పిమ్మట, అనగా గత కొద్ది మిలియను సంవత్సరములలో, ఉత్తరమునుండి దక్షిణ అమెరికా చేరినవి. గోండ్వానా విడిపోవు నాటికి పిల్లియు లేదు, కోతియు లేదు, టాపిరును లేదు. కావున ఈ మూడు అరణ్యముల జంతువుల పోలికకు గోండ్వానా కారణమని చూపరి తలచినచో, పదునెనిమిది కోట్ల సంవత్సరముల పొరపాటు చేసినవాడగును. వర్షారణ్యముల పోలికకు ముఖ్య కారణము భూమధ్యరేఖ సమీపమందలి వేడిమి, వర్షము. జంతువుల పంపిణీకి కారణము వేరు వేరు వలసలు. పేరు గంభీరముగా నున్నది గాని పాఠము తారుమారైనది. భవనము నిజముగా చూపుచున్నది శీతోష్ణస్థితి ఫలితమును. పేరు కూడ దానినే చెప్పియుండిన బాగుండెడిది.

న్యూరెంబర్గు: పండ్రెండు బబూనులు

న్యూరెంబర్గు జంతుశాల నగరము అంచున అడవిలో నున్నది. ట్రాము ద్వారమువరకు పోవును. ఇచ్చట 2025 జులై 29వ తేదీన 12 గినియా బబూనులను అధికారులు చంపించిరి. 2009లో 25 పెద్ద బబూనులకు, వాని పిల్లలకు సరిపడునట్లు కట్టిన ఆవరణలో వాని సంఖ్య 40 దాటినది. ఇరుకువలన అవి తరచు పోట్లాడుకొనుచుండెను. గర్భనిరోధక ప్రయత్నములు ఫలింపలేదు. ఇతర సంస్థలకు పంప యత్నించిరి గాని తగిన చోటు దొరకలేదు. చంపినవానినుండి పరిశోధనకు నమూనాలు తీసి, మిగిలిన దేహములను మాంసాహార జంతువులకు వేసిరి. దేశమంతట నిరసన చెలరేగినది.

ఇందు రెండు పక్షములు కలవు. సంతానోత్పత్తిని పూర్తిగా ఆపినచో సమూహమున పిల్లలు లేక సాంఘిక జీవితము చెడును, వంశము ముసలిదైపోవును. ఆపకున్నచో చోటు చాలదు. జంతువుల పట్ల దయగలవారి బాధయు నిజమే, సంస్థ చిక్కును నిజమే. అధికారులు తమ ఆలోచనను 2024లోనే బహిరంగముగా ప్రకటించిరి. దాచిపెట్టలేదు. అంతవరకు మెచ్చుకొనవలెను.

కాని అసలు తప్పు 2025 నాటిది కాదు. ఏటా నూటికి మూడు చొప్పున మాత్రమే పెరిగినను, 25 అను సంఖ్య 16 సంవత్సరములలో సుమారు 40 అగును. చక్రవడ్డీ లెక్క నేర్చిన విద్యార్థి దీనిని కాగితముపై చేయగలడు. సంతానము కను సమూహమునకు మార్పులేని హద్దు గీచిన దినముననే ఈ చిక్కు ఆరంభమైనది. ఆవరణ కట్టునపుడే మిగులు జంతువులు ఎచ్చటికి పోవునను ప్రశ్నకు సమాధానము ఉండవలెను. లేనిచో ఆ లెక్క తుదకు జంతువు ప్రాణముతో తీరును. న్యూరెంబర్గు పోవలదని కొందరు చెప్పవచ్చును. పోయి, ఆ ఆవరణ ముందు నిలిచి, ఈ లెక్క వేసికొనుటయే మేలని మా అభిప్రాయము.

మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్

మ్యూనిక్‌లో యు-3 భూగర్భ రైలులో టాల్‌కిర్షెన్ వద్ద దిగి ఇజార్ నదీ వంతెన దాటినచో హెల్లాబ్రున్. 1911లో ఆరంభమై మధ్య మూతపడి, 1928లో తిరిగి తెరచినపుడు జంతువులను కుటుంబములను బట్టి గాక ఖండములను బట్టి అమర్చిరి. పులులన్నిటిని, కోతులన్నిటిని వరుసగా పెట్టు పాత పద్ధతి వర్గీకరణమును నేర్పును. ఇది జంతు భూగోళమును నేర్పును. రెండును సత్యములే.

ఇచ్చటి డైరెక్టరు హైన్జ్ హెక్, బెర్లిను డైరెక్టరైన ఆతని సోదరుడు లూట్జ్, 1627లో నశించిన ఔరాక్స్ అను అడవి పశువును పెంపుడు పశువుల సంకరముచే మరల పుట్టింప యత్నించిరి. వచ్చినవి రూపమున కొంత పోలిక గల కొత్త పశువులే గాని ఔరాక్స్ కావు. నశించిన జాతిని కొమ్ములు, రంగు చూచి తిరిగి తేలేము. దీనికి భిన్నముగా, నశింపబోవు జాతిని కాపాడుట సాధ్యమే. ఐరోపా అడవిదున్న స్వేచ్ఛారణ్యములనుండి 1927 నాటికి మాయమైనను, జంతుశాలలలో మిగిలిన 12 జంతువుల సంతతి నేడు మరల అడవులలో తిరుగుచున్నది. జంతుశాలల ఉనికికి ఇంతకన్న బలమైన సమర్థనము లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్ జంతుశాల 1858 నాటిది. భూగర్భ స్టేషను పేరు కూడ జూ. చిన్నది, సుమారు 11 హెక్టార్లు. 1945 నుండి 1974 వరకు డైరెక్టరుగా నున్న బెర్న్‌హార్డ్ గ్జిమెక్, సెరెంగెటీని గూర్చి కుమారుడు మైకేల్‌తో కలిసి చలనచిత్రము తీసెను. ఆ పనిలోనే 1959లో విమాన ప్రమాదమున కుమారుని కోల్పోయెను. జంతుశాల కర్తవ్యము గోడల లోపల ముగియదనియు, జంతువుల స్వస్థలమును కాపాడుట దాని బాధ్యతయే యనియు ఆయన జీవితము చూపినది. ఆయన పేరిటి భవనమున రాత్రించర జంతువుల విభాగము కలదు. పగటివేళ మసక వెలుతురు, రాత్రి వెలుగు ఉంచి, జంతువుల దినచర్యను తారుమారు చేసి, చూపరులు వచ్చు వేళకు అవి మేలుకొనునట్లు చేయుదురు. జీవగడియారమును గూర్చి వంద మాటలు చెప్పుటకన్న అచ్చట పది నిమిషములు నిలుచుట మేలు.

తరగతి గదికి

జర్మనీ పోగలవారు మనలో కొందరే. కాని ఈ ప్రశ్నలు అడుగుటకు జర్మనీ పోనక్కరలేదు. హాగెన్‌బెక్ కుటుంబమునకు చెందిన కార్ల్ హైన్‌రిష్ హాగెన్‌బెక్ సహాయముతో రూపొందిన ఢిల్లీ జంతుశాల 1959లో తెరచినది. 1963లో తెరచిన హైదరాబాదు నెహ్రూ జంతుశాలలో కూడ కందకముల పద్ధతియే కలదు. ఉపాధ్యాయులు విద్యార్థులను తీసికొని పోవునపుడు ఒక్కొక్క బృందమునకు ఒక్కొక్క ఆవరణ అప్పగించి నాలుగు ప్రశ్నలు ఈయవచ్చును. ఈ జంతువును బంధించియున్నది ఏది? అది కంటికి ఎందుకు కనబడుటలేదు? పేరుపలక చెప్పునదానిలో జంతువు స్వస్థలమును గూర్చి ఎంత యున్నది? ఈ జంతువు సంఖ్య పెరిగినచో చోటెక్కడ? ఈ నాల్గింటికి విద్యార్థులు తాము చూచినదాని నుండి సమాధానములు వ్రాసి తెచ్చినచో, ఆ దినము విహారముగా గాక పాఠముగా గడిచినట్లే.